రేకుల షెడ్డులో చల్లని గొంతు

నా పాటల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన అభిప్రాయాలు చదువుకుంటూ పొద్దుటి చాయ్ తాగే అలవాటు నాకు ఈ మధ్యే పట్టింది. అరవై దగ్గరపడ్డాక పట్టిన అలవాటు, ఇక వదులుతుందన్న ఆశ లేదు. కొండాపూర్‌లో మేము కిరాయికుండే మేడమీది రెండు గదులకు ఒక చిన్న బాల్కనీ ఉంది. అక్కడ కూర్చుంటే ఎదురుగా ఐటీ కంపెనీల అద్దాల గోడలు, కింద ఆఫీసు క్యాబుల వరస. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో అభిప్రాయమూ పైకి చదువుతాను. పక్కన మా ఆయన వెల్లుల్లి పొట్టు తీస్తూ వింటాడు, లేదా విన్నట్టు కూర్చుంటాడు.

సంగతేమిటంటే, ఇరవై రెండేళ్ల వయసులో, బాలానగర్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీలో, నేనే రాసి, నేనే పాడి, నేనే వాయించి, నేనే రికార్డు చేసిన ఆరు పాటల కేసెట్టు ఒకటుంది. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కొన్నవాళ్లకంటే ఊరికే అడిగి పట్టుకుపోయినవాళ్లే ఎక్కువ. ముప్పై ఏళ్లు దాటి ఇన్నాళ్లకు దాన్ని పెద్ద నల్ల రికార్డుగానూ, ఫోన్లలో వినేట్టుగానూ మళ్ళీ విడుదల చేశారు. చేసింది ముగ్గురు పిల్లలు. పిల్లలంటే నా లెక్కలో పిల్లలు, అందరూ ఉద్యోగస్తులే. వారమంతా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పని, శని ఆదివారాలు పాత పాటల వేట. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, విరిగిన టేప్ రికార్డర్ల కుప్పలో, నా కేసెట్టు వాళ్లకు దొరికిందట. అట్ట మీద ఫ్యాక్టరీ చిరునామా చూసి బాలానగర్ వెళ్లారు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది గానీ ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన ఇంకా ఉన్నాడు. ఆయన చెప్పిన ఆనవాళ్లు పట్టుకుని మా మెట్లెక్కి వచ్చారు.

ముగ్గురిలో మాట్లాడేది ఒక అమ్మాయి. కాకినాడ వైపు పిల్ల, మాటకు రెండుసార్లు అండి అంటుంది. ఇది సింథ్‌పాప్ అండి, తెలుగులో ఇంత తొలి రోజుల్లో ఒక్క మనిషి చేసిన సోలో ఆల్బమ్ ఇంకోటి మాకు దొరకలేదండి, అంది. నేను ఇన్నేళ్లూ దాన్ని కీబోర్డు కేసెట్టు అనే అంటూ వచ్చాను. సోలో ఎందుకయిందంటే, ఇంకొకర్ని పిలిచి వాయించమని అడిగే ధైర్యం లేక అయింది. ఆ మాట మాత్రం ఆ అమ్మాయితో అనలేదు. అంత ముచ్చటగా చెబుతుంటే మధ్యలో ఎందుకు చెడగొట్టాలి?

ఆ షెడ్డు సంగతి కాస్త చెప్పాలి. సంగీతం నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే కరెంటు శ్రుతిపెట్టెలు, తబలా పెట్టెలు మా ఫ్యాక్టరీలో తయారయ్యేవి. పదిమంది ఆడపిల్లలం వరసగా కూర్చుని సోల్డరింగ్ చేసేవాళ్లం. నాకు చెవి బాగుందని తర్వాత టెస్టింగ్ బల్ల దగ్గరికి మార్చారు. తయారైన పెట్టెల్ని రోజంతా ఆపకుండా మోగించాలి, వేడెక్కిన కొద్దీ శ్రుతి జారుతోందేమో గంటగంటకూ విని రాయాలి. మామూలు రోజుల్లో ఆ మోతకు మిగతావాళ్లు తలలు పట్టుకుంటారని ఆ పని ఆదివారానికి పెట్టారు. ఆదివారం షెడ్డు తాళంచెవి నా దగ్గరుండేది. ఇరవై పెట్టెలు ఒకే ‘సా’ పట్టుకుని మోగుతుంటే మధ్యలో నేనొక్కదాన్నే.

మా యజమాని విదేశం నుంచి ఒక సింథసైజర్ తెప్పించాడు. దాని లోపలి సర్క్యూట్ చూసి అలాంటిది ఇక్కడే చేయాలని ఆయన ఆశ. గుడ్డ కప్పి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ చెప్పాడు. ఆ మాట చెప్పకపోయి ఉంటే నేను ముట్టుకునేదాన్ని కాదేమో. శ్రుతి రాసుకునే పుస్తకం పక్కన పెట్టి, ఆదివారం ఆదివారం దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. అది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. అందుకని ఒక టేప్ రికార్డర్‌లో ఒక వరస పట్టి, దాన్ని మోగిస్తూ పైన ఇంకో వరస వాయించి, రెండూ కలిపి రెండో టేప్ రికార్డర్‌లోకి ఎక్కించేదాన్ని. తాళానికి తబలా పెట్టెలు వాడుకున్నాను, అదీ బాగున్నవి కాదు, పనికిరావని మూల పడేసినవి. వాటిలో ‘ధా’ కొడితే రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు ఉండేది. బాగున్న పెట్టెలు అంగళ్లకు పోవాలి కదా, ముట్టుకుంటే మాట వస్తుంది.

పాడేటప్పుడు ఫ్యాన్ ఆపేదాన్ని, లేకపోతే దాని చప్పుడు మైకులో పడేది. కిటికీలు మూసేదాన్ని. మైకు పెదవులకు ఆనించి, గొంతు బాగా తగ్గించి, ఊపిరి కూడా కొలిచి వదులుతూ పాడేదాన్ని. నా పాట గేటు దాటి వినబడితే విదేశీ పెట్టె ముట్టుకున్న సంగతి బయటపడుతుంది. ఆదివారం పూట మూసిన షెడ్డులో పిల్ల ఒక్కతే పాటలు పాడుతోందని మా ఇంటికీ చేరుతుంది. రేకుల కప్పు కింద ఎండాకాలంలో అలా పాడి బయటికొస్తే జాకెట్టు పిండుకోవచ్చు.

ఆరు పాటలూ అయ్యాక ఆ కేసెట్టు యజమాని చేతికి దొరికింది. రెండు రోజులు తిట్టాడు. మూడో రోజు విన్నాడు. నాలుగో రోజు కోఠిలో కేసెట్లు కాపీ చేసే తన స్నేహితుడికి ఇచ్చాడు. అట్ట మీద నా ఫొటో కూడా ఆయనే వేయించాడు, సోల్డరింగ్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నది. ఆ అద్దాలు కూడా ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయాయి. ఒకాయనైతే అవి ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

ఇక అభిప్రాయాలు. ఎక్కువమంది మెచ్చుకున్నారు, అబద్ధమెందుకు చెప్పాలి, చాలా బాగుంది. ఆ డబ్బా తాళం ఏ డ్రమ్ మెషిన్‌దని పెద్ద చర్చ జరిగింది. జపాన్‌దని ఒకరు, కాదు జర్మనీదని ఒకరు. అది బాలానగర్ మూల కుప్పలోదని నేను రాయబోతే ఆ అమ్మాయి, రెండ్రోజులు ఆగండి మేడమ్, కొట్టుకోనివ్వండి, అంది. మూడో పాట మధ్యలో కీబోర్డు స్వరం ఒక్కసారిగా కిందికి జారి మళ్ళీ పైకి లేస్తుంది. వెనకెక్కడో తాళానికి అందని లోతైన దెబ్బలు వినబడతాయి. ఆ రెంటి గురించి రాసినంతగా మిగతా అయిదు పాటలన్నిటి గురించీ కలిపి రాయలేదు. ఎంత సాహసం, ఆ రోజుల్లో అలా ఎలా ఆలోచించింది, అంటారు. ఆలోచించడానికి నాకేం పట్టింది? పక్క షెడ్డులో రేకులు నొక్కే పవర్ ప్రెస్సు మొదలైంది, వోల్టేజీ పడిపోయింది, స్వరం జారింది, నేనూ దానితోపాటు జారి పాడాను. మళ్ళీ మొదటినుంచి చేయాలంటే అప్పటికి ఎక్కించిన వరసలన్నీ పోతాయి. ఆ దెబ్బలు ప్రెస్సువి.

ఆ ప్రెస్సు నడిపినవాడే ఇప్పుడు నా పక్కన వెల్లుల్లి వలుస్తున్న మా ఆయన. అప్పుడు ఆ షెడ్డులోనే పని, అందులోనే పడక. మర్నాడు పొద్దున నేను వాళ్ల గేటు దగ్గరికి వెళ్లి, ఆదివారం కూడా ప్రెస్సు ఏందని నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. తలొంచుకుని, అర్జెంట్ జాబ్ ఉండె అన్నాడు. ఆ తగువు రెండేళ్లకు పెళ్లయింది. ముందు తిట్టుకుని తర్వాత చేసుకున్నవాళ్లం కాబట్టి మా మధ్య ‘మీరు’ అనే మాట ఎన్నడూ రాలేదు. ఆ పాట పాడుచేశావని ఇన్నేళ్లలో నేనెన్నిసార్లు దెప్పానో ఆ దేవుడికే తెలియాలి. తీరా చూస్తే లోకం మెచ్చింది ఆ పాడైన చోటునే.

మెచ్చనివాళ్లు కూడా ఉన్నారు. సాహిత్యం బాగుందండి, తాళమే నిలకడగా లేదండి, అని రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన మర్యాదగా రాశాడు. పక్క అపార్ట్‌మెంటులో మెట్లు ఊడ్చే మహబూబ్‌నగర్ ఆమెకు నేనే ఫోన్‌లో వినిపించాను. ఆమె చీపురు పక్కన పెట్టి శ్రద్ధగా వింది. “గిది పాటనా అక్కా? నువ్వు బతుకమ్మకు పాడేది పాట. గిది లిఫ్టుల వచ్చే సప్పుడు లెక్కున్నది” అని తేల్చేసింది.

అందరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, గొంతు. చల్లగా ఉందన్నారు. మనసు ఎక్కడో పెట్టి పాడినట్టుందన్నారు. ఏసీ గదిలోంచి, అద్దం అవతలి నుంచి వస్తున్నట్టుందని ఒకరు రాస్తే కింద నూరుమంది అవునన్నారు. మొదట నాకు నవ్వొచ్చింది, చెమటకు తడిసి ముద్దయిన జాకెట్టు గుర్తొచ్చి. కానీ రోజూ చదవగా చదవగా మనిషి నమ్ముతుంది. అవును, నేను కావాలనే అలా పాడాను, అప్పుడే నాకొక పద్ధతి ఉండేది, అని నాకు నేనే చెప్పుకునే దాకా వచ్చాను.

మా ఆయన అభిప్రాయం మాత్రం రాలేదు. ఆయన ఏది పెట్టినా మంచిగుంది అని తినే మనిషి, నా పాటకూ ఆ ఒక్క మాటే. నల్ల రికార్డు ఇంటికి వచ్చిన రోజు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వెలుగుకు పెట్టి చూశాడు. అంచు చుట్టూ వేలు నడిపాడు. ప్రెస్సులో నొక్కిన దేనికైనా అంచున కొంచెం గరుకు మిగులుతుంది, దీనికి అది కూడా లేదు, డై మంచిగ చేసిండ్రు, అన్నాడు. డై అంటే ప్రెస్సులో నొక్కే అచ్చు. పాట పెడితే మాత్రం, మోటారు వేయాలనో, పాలు తేవాలనో లేచిపోతాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి ఇంట్లో గెలవలేక కూర్చున్నాను.

అప్పుడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. హైటెక్ సిటీలో ఒక కాఫీ హోటల్ మేడ మీద, శనివారం సాయంత్రం, రికార్డు కొన్నవాళ్లంతా కలిసి వింటారట. చివర్లో నేను మూడో పాట ఎదురుగా పాడాలట. ఏమీ కష్టపడక్కర్లేదు మేడమ్, ఆ చల్లని గొంతు ఉంటే చాలండి, అందరూ దానికోసమే వస్తున్నారు, అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది.

ఎందుకంటే ఆ గొంతు నా దగ్గర లేదు. ఈ ముప్పై చిల్లర ఏళ్లలో ఎంతమంది పిల్లలకు కీబోర్డు నేర్పానో, వాళ్ల అల్లరి మీంచి అరిచి అరిచి గొంతు పెద్దదయింది. ఏటా మా గల్లీలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తేది నేనే. డీజే పెట్టెలు వచ్చాక కూడా నా పాట చివరి వరస దాకా వినబడుతుంది. ఇప్పుడు దాన్ని మళ్ళీ చిన్నది చేయాలి. వంటింట్లో తలుపేసుకుని, కొళాయి కట్టేసి, పెదవులు కదిలీ కదలనట్టు సాధన చేశాను. దగ్గొచ్చింది. గొంతు తగ్గిస్తే శ్రుతి పోతోంది, శ్రుతి పట్టుకుంటే గొంతు లేస్తోంది. వారం రోజులు ఇదే పని. పొద్దున అభిప్రాయాలు చదవడం కూడా మానేశాను. ఇష్టపడ్డవాళ్లంతా శనివారం నాడు నన్ను చూసి, ఈమె కాదు ఆమె, అనుకుని వెళ్లిపోతారని భయం. చిన్నప్పుడు దొరకని మెప్పు ఇప్పుడు దొరికింది. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఇందులో సిగ్గుపడడానికేముంది, ఎవరికుంటుంది ఇష్టం?

గురువారం మధ్యాహ్నం అన్నాలు తింటుండగా ఆయన, చారు మంచిగుంది అన్నాడు. ఆ మాటకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గిన్నె ఠక్కున కింద పెట్టి, చారు మంచిగుంది, చెప్పులు మంచిగున్నయ్, రికార్డు అంచు మంచిగుంది, లోకమంతా నా పాట మీద పేజీలకు పేజీలు రాస్తుంటే నీకు ఒక్క మాట రాదా అని నిలదీశాను. రెండు రోజుల్లో పాడాలి, గొంతు రాక నేను పరేషాన్ అవుతుంటే నీకేం ఫికర్ లేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన తినడం ఆపి, చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“ఆ గొంతు రాకుంటే మంచిదే” అన్నాడు.

ఎందుకని అడిగాను.

“అండ్ల పాడే పిల్ల భయపడుతున్నది. వీళ్లకు తెల్వది, చల్లగున్నది అంటున్నరు. నేను గోడ అవతల ఉండి విన్న గద. ఊపిరి మింగుకుంట పాడుతుండె. అది ఇంటే నాకు ఇప్పటికీ పానం మంచిగుండదు. అందుకే లేచిపోత.”

ఆయన కండువా అంచుతో చేతులు తుడుచుకుంటూ, ఇన్నేళ్లు దాచిన మాట అంత మామూలుగా చెప్పేశాడు. ఆ ఆదివారం మా సూపర్‌వైజర్ ఏదో పని మీద అటు వచ్చి, మా గేటు దగ్గర ఆగి, మెడ సాచి వింటున్నాడట. లోపలినుంచి సన్నగా పాట. ఈయన తన షెడ్డు వాకిట్లోంచి చూశాడు. నన్ను పిలిచి చెప్పే వీలు లేదు, అప్పటికి మాకు ముఖపరిచయం కూడా లేదు.

“మరి అర్జెంట్ జాబ్ అన్నవు?” అన్నాను.

“జాబ్ లేదు, ఏం లేదు. ఖాళీ ప్రెస్సు నడిపిన. ఆడు పోయేదాంక నడిపిన.”

రేకు పెట్టకుండా ఖాళీ ప్రెస్సు కొడితే డై దెబ్బతింటుంది. అది ఆయన నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు. ఆ సంగతి తెలిసినవాడు, తెలిసి తెలిసి, ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం మూడు నిమిషాలు ఖాళీ ప్రెస్సు కొట్టాడు. మర్నాడు ఆ పిల్ల చేతే తిట్లు తిన్నాడు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా తింటూనే ఉన్నాడు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు భయపడ్డవని చెప్పినట్టయితది, ఆ కేసెట్టు నీకు ముచ్చట గద, అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చాలావరకు సంతోషంతోనే. మిగతాది ఆయన్ని అన్న మాటలు గుర్తొచ్చి. కాసేపటికి లేచి చారు మళ్ళీ వేడిచేశాను. ఇద్దరం మిగతా అన్నం తిన్నాం.

శనివారం సాయంత్రం ఆ హోటల్ మేడ ఎక్కేసరికి యాభై మంది దాకా ఉన్నారు, శనివారమైనా మెడలో ఆఫీసు కార్డులు తీయకుండా వచ్చినవాళ్లు కొందరు. రికార్డు మొత్తం వినిపించారు. అందరూ కళ్లు మూసుకుని వింటుంటే నేను కూడా నా గొంతును మొదటిసారి పరాయిదానిలా విన్నాను. ఆయన చెప్పింది నిజమే. ప్రతి మాట చివరా ఆ పిల్ల ఆగి, తలుపు వైపు చూసి, మళ్ళీ పాడుతోంది. నాకు ఆ పిల్ల మీద జాలేసింది, గర్వం కూడా వేసింది. ఆయన చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మూడో పాట మొదలవగానే మెట్ల వైపు వెళ్లి, అది అయ్యాక వచ్చాడు.

నేను లేచి ఆ అమ్మాయి చెవిలో, ఆ గొంతు రాదమ్మా, ఉన్న గొంతుతో పాడతాను, అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది గానీ, మీ ఇష్టం మేడమ్ అంది. పాట ఎత్తాను. మొదటి లైనుకే మైకు కీచుమంది, అక్కడున్న అబ్బాయి పరుగెత్తి శబ్దం తగ్గించాడు. ముందు వరసలో ఒకరిద్దరు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చూసుకోనీ అనుకున్నాను. రెండో చరణానికి మైకు పక్కన పెట్టేశాను. అవసరం లేదు, మా గల్లీ చివర దాకా వినిపించేదాన్ని, ఆ మేడ ఎంత?

ఆ పాటకు ఆఖరి చరణం ఒకటుంది. ఆ ఆదివారం ప్రెస్సు ఆగాక, ఒళ్లు మండి, శ్రుతి రాసుకునే పుస్తకం వెనక రాసి అప్పటికప్పుడు పాడింది.

గోడ అవతలి చప్పుడయ్యా
నీకు ఆదివారం లేదా
ఇంత మొత్తుకుంటున్నా
నీకు చెవులే లేవా

మెల్లగా పాడితే ఇది విరహంలా ఉంటుంది. రికార్డులో అలాగే ఉంది, ఒంటరితనం మీద ఎంత గొప్ప చరణమో అని ఎవరో రాశారు కూడా. గట్టిగా పాడితే తిట్టులా ఉంటుంది. అది తిట్టే. చేయి చాపి, చివరి వరస వైపు చూసి, నడుము మీద చేయి పెట్టి పాడాను. జనం ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఘొల్లున నవ్వారు. మళ్ళీ పాడమన్నారు. మా ఆయన నవ్వలేదు. కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

మర్నాడు వచ్చిన అభిప్రాయాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సగం మంది, రికార్డే బాగుంది, ఆమె ఆ పాట ప్రాణం తీసేసింది, అన్నారు. సగం మంది ఇలా పాడిన రికార్డు ఎప్పుడు తెస్తారని అడిగారు. రెండు రకాలవీ ఒకేసారి చదివి చాయ్ పూర్తిచేశాను. మొదటి రకం చదువుతుంటే కొంచెం నొప్పి కలిగింది, లేదనను. చాయ్ అయ్యేసరికి అదీ పోయింది.

ఆ శనివారమే, పాట అయ్యాక, ఇంటికి ఆటోలో వస్తున్నాం. ఆఫీసులు వదిలే వేళ కాకపోయినా రోడ్డు నిండా బండ్లు. కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది.

“ఆ ఆఖరి చరణం కేసెట్టుల ఉన్నదా?” అని అడిగాడు.

మొదటి సంది ఉంది అన్నాను. తెలుసనే అనుకున్నాను ఇన్నేళ్లూ. అప్పుడర్థమైంది. పాట అంతదూరం రాకముందే ప్రతిసారీ లేచిపోయేవాడు. నా పాటలన్నిటిలోకీ ఆయనకోసం రాసిన నాలుగు లైన్లు ఊరూ పేరూ తెలియనివాళ్లందరూ విన్నారు, ఆయన వినలేదు.

“గది నన్నేనా?” అన్నాడు.

“ఇంకెవరిని?”

తల తిప్పి బయటికి చూశాడు. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది. కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగి, సర్దుకుని కూర్చున్నాడు.

“ఇంకొకసారి తిట్టు” అన్నాడు.

ఆటో ఆయన అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు. నేను ఆ చరణం మొదటినుంచి పాడాను, గట్టిగానే.